పిచ్చుక కింద పిడుగు

మీ చెల్లెలి ఇంటి నుంచి,
ఏప్రిల్ 18, గురువారం.

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. ‘అందరం’ అని తేలిగ్గా రాశాను గానీ, ఈ ఇంట్లో ఆ ఒక్క మాట నిజమో కాదో తేల్చుకోవడానికి మేడా కిందా రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. ఒకడు బల్ల కింద దొరికాడు, ఇంకొకడు బట్టల బీరువాలో. మొత్తానికి అందరూ క్షేమమే. మీరూ వేళకు తిని, వేళకు కళ్ళజోళ్ళ షాపు కట్టేసి ఇంటికి చేరుతున్నారని తలుస్తాను. పాలు తగ్గించమని పాలవాడికి చెప్పారా? చెప్పి ఉండరు.

పొద్దుటి బస్సులో మేమిద్దరం దిగకపోయేసరికి కంగారు పడి ఉంటారు. పడకండి. మధ్యాహ్నం బస్సు నడిపేది మీ బావగారి డిపో మనిషే. కవరు షాపుకే తెచ్చి ఇస్తానన్నాడు. వెళ్ళిన పని ఏమైందో చూద్దామని మీరు ఈపాటికే కాగితం తిప్పబోతున్నారని నాకు తెలుసు. తిప్పకండి. మీ చెల్లెలి సంసారం గురించి నాలుగు మాటలు వినకుండా ఆ సంగతి చదివితే మీకు కోపం తప్ప ఇంకేమీ మిగలదు.

పోయిన సెలవుల్లో వాళ్ళంతా మనింటికి వచ్చినప్పుడు జరిగింది మీరు మర్చిపోరు. ఏడుగురిలో ఐదోది, మన పిచ్చుక, మీ షాపులో ఉన్న జోళ్ళన్నీ ఒక్కొక్కటే పెట్టుకుని చూసి, ఏ జోడులోంచి చూసినా మామయ్య ఒకేలా ఉన్నాడని తేల్చింది. మీరు ఆ మాటకి పడిపోయారు. ఇన్నేళ్ళూ పిల్లలు లేరని ఒక్కరోజు కూడా నా ముందు నోరు జారని మనిషి, వెళ్ళే రోజున చెల్లెలి ముందు నిలబడి, దీన్ని మాకిచ్చెయ్యవే, మేం పెంచుకుంటాం అని అడిగేశారు. ఆమె, నువ్వు అడిగితే కాదంటానా అన్నయ్యా, పరీక్షలయ్యాక వదినని పంపించు అంది. ఆ మాట పట్టుకుని మీరు చిన్న గదికి రంగు వేయించారు. నేను వారం కిందట ఇక్కడికి వచ్చాను.

ఇల్లు మీరు చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కింద రెండు గదులు, మేడ మీద రేకుల గది, ఇంతమందికీ కలిపి ఒక్కటే స్నానాల గది. ఎదురుగా పంక్చర్లు వేసే షెడ్డు, దాని పక్కన బస్సుల డిపో. మీ బావగారు డిపోలో ఇంజన్లు విప్పి బిగించి సాయంత్రానికి మోచేతుల దాకా నలుపుతో వస్తారు. చేతులు కడుక్కునేదాకా పిల్లలెవరూ దగ్గరికి పోరు. కడుక్కున్నాక ఆయన కనిపించరు, మీద ఎక్కిన పిల్లలే కనిపిస్తారు. మీ చెల్లెలు షర్టుల ఫ్యాక్టరీ నుంచి మూటలు తెప్పించుకుని ఇంట్లోనే కాజాలు తీసి గుండీలు కుడుతుంది. కుట్టు మిషను ముందు నుంచి లేవని మనిషి ఇంత ఇల్లు ఎలా నడుపుతోందా అని మొదటి రోజంతా నోరు వెళ్ళబెట్టుకుని చూశాను. నాకు కుక్కర్ ఈల, వీధి తలుపు చప్పుడు ఒకేసారి వినిపిస్తే చాలు, ఏ పక్కకి పరిగెత్తాలో తెలియదు.

రెండో రోజుకి కిటుకు తెలిసింది. ఆమె ఏడుగురిని పెంచడం లేదండీ. పెద్దమ్మాయిని ఒక్కదాన్నే పెంచుతోంది. పెద్దమ్మాయి తన తర్వాతి వాణ్ణి చూసుకుంటుంది, వాడు వాడి తర్వాతి వాణ్ణి, అలా చంటాడి దాకా. ఎవరి కింద ఉన్నవాళ్ళ ముక్కు, మొహం, చెప్పులు, ఎక్కాలు వాళ్ళ పూచీ. పైనుంచి ఆజ్ఞ దిగుతుంది, కింది నుంచి ఫిర్యాదు ఎక్కుతుంది. నలుగురిని దాటేసరికి ఫిర్యాదుకి సగం ప్రాణం పోతుంది. తల్లి దాకా వచ్చిందంటే అది నిజంగా ఏడవాల్సిన విషయమే అయి ఉంటుంది. ఏ ఆఫీసులోనైనా పని ఇంత చక్కగా జరిగితే జనం ఇన్నిసార్లు తిరగక్కర్లేదు.

పిచ్చుకకి పైవాడు లాయరు. వాడికి పదేళ్ళు. అన్నం తినమన్నా ఎందుకు తినాలో రుజువు చూపించమంటాడు కాబట్టి ఆ పేరు పడింది. పిచ్చుక కింద ఉన్నవాడు పిడుగు. వాడికి ఆ పేరెందుకొచ్చిందో నేను రాయక్కర్లేదు. నా కళ్ళజోడు కాడ విరిగింది, వచ్చాక మీరే అతకాలి.

వచ్చిన మర్నాడు ఆరాటం కొద్దీ పిచ్చుకని కూర్చోబెట్టి జడ వేయబోయాను. లాయరు దువ్వెన పట్టుకుని వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. అది నా పని అత్తయ్యా అన్నాడు. ఈ ఒక్కరోజు నేను వేస్తానురా అన్నాను. ఈ రోజు నువ్వు వేసి రేపు వెళ్ళిపోతే, ఎల్లుండి దీనికి నా జడ నచ్చదు, అప్పుడు బాధ్యత ఎవరిది అని అడిగాడు. పిచ్చుక నాతో వచ్చేస్తోందని వాడికింకా తెలియదు. లేచి వాడికి చోటిచ్చాను. మగపిల్లాడు, పంటి కింద రిబ్బను పట్టుకుని, చరిత్ర పాఠం అప్పజెబుతూ రెండు జడలు అల్లేశాడు. పాపిడి ఎంత తిన్నగా ఉందంటే మీరు కూడా వంక పెట్టలేరు.

మధ్యాహ్నం మీ చెల్లెలు ఒక్క కునుకు తీస్తుంది. అప్పుడు తలుపు గొళ్ళేనికి ఎర్ర గుడ్డ కడుతుంది. అది కనిపిస్తే రక్తం కారితే తప్ప తలుపు కొట్టకూడదు. మొన్న పిడుగు గోడ మీంచి పడి, మోకాలు చూపిస్తూ వచ్చి, ఇంత రక్తం సరిపోతుందా అని పిచ్చుకని అడిగాడు. అది వంగి చూసి, చాలదు అని చెప్పి, తనే కడిగి గుడ్డ చుట్టింది. ఏడేళ్ళ పిల్ల. ఊదుతూ ఊదుతూ కడిగింది. తలుపు మాత్రం కొట్టలేదు.

అలాగని అన్నీ సాఫీగా సాగిపోతాయనుకోకండి. రెండోవాడు లెక్కల్లో తప్పి ఒక పూటంతా డిపోలో పాత బస్సెక్కి దాక్కుంటే, తండ్రి వెతికి, వాడు దిగేదాకా పక్క సీట్లో కూర్చుని వాడితోపాటే ఇంటికి వచ్చారు. చంటాడికి దగ్గు తగ్గుతూ పెరుగుతూ ఉంది. ఆదివారం ఒక్క జత బూట్ల కోసం ముగ్గురు కొట్టుకుంటే మీ చెల్లెలు చేతిలో ఉన్న గరిట గోడకేసి విసిరింది. గోడ మీద అలాంటి సొట్టలు పాతవి కూడా ఉన్నాయి. నేను వాటివంక చూస్తుంటే, పిల్లలైతే ఏడుస్తారు వదినా, గోడైతే ఊరుకుంటుంది అని నవ్వింది. నవ్వి, ఆ బూట్లు తడిపేసి ఎవరికీ పనికిరాకుండా ఎండలో పెట్టింది.

మంగళవారం సంగతి మాత్రం మీకు పూర్తిగా చెప్పాలి. సాయంత్రం ఫ్యాక్టరీ వ్యాను వస్తుందనగా, కుట్టి మడతపెట్టిన మూటలోంచి పిడుగు గుండీలు కత్తిరించేసి వీధి పిల్లలతో గోలీలాట మొదలెట్టాడు. నేనైతే వాడి వీపు విమానం మోత మోగించేదాన్ని. ఇంకా ఎవరూ చూడకముందే పిచ్చుక తల్లి ముందుకి వచ్చి, అమ్మా, పిడుగు గుండీలు కోసేశాడు, నేను సరిగా చూసుకోలేదు, తప్పు నాది అని నిలబడింది. అది విని లాయరు వచ్చి, నేను దీన్ని చూసుకోలేదు అని పక్కన నిలబడ్డాడు. వాడు వాదించకుండా ఒప్పుకోవడం అదే మొదటిసారట. వాడి పైవాడు, ఆ పైవాడు, ఆఖరికి చేతికి పిండితో పెద్దమ్మాయి. మీ చెల్లెలు ఆ వరసని తేరిపార చూసింది. దీనికి పైదాన్ని నేనే కదర్రా అంటూ లేచి వెళ్ళి పెద్దమ్మాయి పక్కన నిలబడింది.

ఇంక తిట్టేవాళ్ళెవరూ మిగల్లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు, దాంతో అందరూ నవ్వారు. ఆ తర్వాత సూదులు తీశారు. పిడుగు కూర్చుని అందరి సూదుల్లోకీ దారం ఎక్కించాలన్నది వాడి శిక్ష. మీ బావగారు కూడా చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. వ్యాను వాడు చాయ్ తాగి, ఊసుపోక తనూ నాలుగు గుండీలు కుట్టాడు. నేను కుట్టినవన్నీ నేను లేచాక లాయరు గుట్టుచప్పుడు కాకుండా ఊడదీసి మళ్ళీ కుట్టాడని మర్నాడు తెలిసింది.

ఏడుగురిని కని పెంచుతోందని జాలిపడుతూ వచ్చినదాన్ని నేను. ఒకరిని తగ్గిస్తే ఆమెకి భారం తగ్గుతుందని కూడా మనసులో ఒక మూల అనుకున్నాను. మీ చెల్లెలిని చూసి జాలిపడటానికి నాకున్న అర్హత ఏమిటో ఇప్పుడు నాకే తెలియడం లేదు. చదువుకునే రోజుల్లో ఆమె చేతికి ఇచ్చిన గొడుగు సాయంత్రానికి తిరిగి రాదని మీరు చెబుతుంటారు. ఆ మనిషే ఈ మనిషంటే నమ్మడం కష్టం.

ఇక వచ్చిన పని. ఈ రోజు పొద్దున బయల్దేరాల్సింది. తీరా బయల్దేరే వేళకి మీ చెల్లెలు, పిల్లని పంపలేనంది. తల్లి మనసు, ఏం చేస్తాం. ఇచ్చిన మాట తప్పితే మీకెంత మంటో నాకు తెలుసు. మాట తప్పాడని సొంత స్నేహితుడితో ఇప్పటికీ మాట్లాడరు మీరు. కానీ ఈమె తోడబుట్టినది. ఉత్తరంలో ఏమీ రాయకండి, ఆమెకి ఫోను చేసి ఏమీ అనకండి. ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

కోపం తెచ్చుకోవద్దని మళ్ళీ మళ్ళీ కోరుతూ,
మీ ఇంటావిడ.

తా.క. కవరు అంటించబోయి ఆగాను. చివర రాసింది అబద్ధం. మీ చెల్లెలు మాట తప్పలేదు.

నిన్ననే పిచ్చుక సంచీ సర్దింది. పొద్దున లాయరు జడలు వేశాడు. రెండుసార్లు విప్పి మళ్ళీ అల్లాడు. ఎవరూ ఏడవలేదు. మీ చెల్లెలు గుమ్మం దాకా వచ్చి, దీనికి పాలు మరీ వేడిగా ఇవ్వకు వదినా అని మాత్రం చెప్పి, లోపలికి వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది. వీధి మలుపు దాకా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. సూది కింద గుడ్డ ఉందో లేదో నాకు తెలియదు.

బస్సెక్కి కూర్చున్నాం. అక్కడ నా పైన ఎవరు అత్తయ్యా అని అడిగింది. నేనే అన్నాను. మరి నా కింద అంది. నేను గది గురించి చెప్పాను, మీరు వేయించిన రంగు గురించి, కొత్త బడి గురించి చెప్పాను. శ్రద్ధగా విన్నది. విని, అయితే పిడుగు ఇప్పుడు లాయరన్నకి వెళ్తాడు కదా అంది. అవునన్నాను. అంతే, లేచి నిలబడింది. మన చెవి పట్టుకోనిస్తేనే పిడుగు నిద్రపోతాడని అన్నకి చెప్పడం మర్చిపోయాను, ఒక్క పరుగున వెళ్ళి చెప్పి వచ్చేస్తాను, బస్సుని ఆపి ఉంచు అత్తయ్యా అంది.

ఉండిపోతానని అనలేదండీ. అమ్మ కావాలనీ అనలేదు. అలా అని ఉంటే ఎలాగో బుజ్జగించి తెచ్చేసేదాన్ని. దాన్ని తీసుకుని నేనే బస్సు దిగాను.

ఇంటికి రాగానే లాయరుని నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. చెవి సంగతి చెప్పింది. ఉరిమితే పిడుగు మంచం కింద ఉంటాడంది. అబద్ధమాడేటప్పుడు వాడి కుడికాలు ఊగుతుందంది. తమ్ముడి గురించి దానికి ఎన్ని తెలుసో, చెబుతూనే ఉంది. లాయరు ఒక్కదానికీ ఎదురు మాట్లాడకుండా తల ఊపుతున్నాడు, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోవడం లేదు. సంచీ ఇంకా దాని భుజానే ఉంది. ఇన్నేళ్ళూ బిడ్డ కోసం నేనెంత ఏడ్చానో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ సంచీ నా చేత్తోనే దింపాను.

మీ చెల్లెలు నన్ను పట్టుకుని ఏడ్చింది. తేరుకున్నాక, తప్పు నామీద పెట్టెయ్ వదినా, నేనే పంపనన్నానని రాయి, నీకైతే అన్నయ్యతో రోజూ ఒకే ఇంట్లో గడవాలి అంది. అందుకే అలా రాశాను. కానీ ఆ అబద్ధం మీకు పంపడానికి చెయ్యి రాలేదు. మీకు కోపం వస్తే నామీద రావాలి, ఆమె మీద కాదు.

సంచీ దింపుతుంటే పిచ్చుక నా మొహంలోకి చూసి, మరి నువ్వు ఒక్కదానివే వెళ్తే అక్కడ నిన్నెవరు చూసుకుంటారు అత్తయ్యా అంది. మీ మామయ్య చూసుకుంటాడన్నాను. శనివారం ఇదే మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. స్టాండుకి రండి.