పేరుకోని పాలు

గూట్లె రెండు గిలాసలు మూతలు పెట్టి ఉన్నయ్. పారబొయ్యకు, ముందుగాల మూతలు తీసి చూడు. రెండిట్ల పక్కింటి సోమమ్మ ఇచ్చిన పెరుగే తోడుపెట్టిన. ఎడమ దిక్కుదాంట్ల మాత్రం నువ్వు ల్యాబ్ కెల్లి తెచ్చిన సీసాల నీళ్లు ఒక మూతెడు కలిపిన. కుడి దిక్కుది పేరుకున్నది, ఎడమ దిక్కుయి ఇంకా పాల లెక్కనే ఉన్నయ్.

పెరుగుల ఉండే మంచి సూక్ష్మజీవులు తయారుచేసిన రసం, పండ్లకు పాచి పట్టనియ్యదు, చిగుళ్ల నెత్తురు ఆగుతది, పుక్కిలించు అని మీ అమ్మకు ఆ సీసా ఇచ్చిపోయినవ్. ఆమెకు పెరుగు అన్న మాటే గుర్తున్నది. జల్ది పేరుకుంటదని రోజూ తోడుతోని అది గూడ ఒక గంటెడు పోసింది. పాచి పురుగును చంపేది తోడు పురుగును ఇడిచిపెడ్తదా?

పాలు పేరుకోకపోతే నా మీద పెట్టింది. ముట్టున్నప్పుడు గిన్నె ముట్టిన్నని వాడకట్టంత చెప్పింది. నువ్వు గూడ ఫోన్ల "జర దూరం ఉండరాదు" అంటివి. ల్యాబుల పనిచేసేటోనివి, ఏం కలిపిన్రని ఒక్క మాట అడగకపోతివి.

నేను కేతేపల్లి మా తల్లిగారింటికి పోతున్న. పప్పు పొయ్యి మీద ఉన్నది, వేడి చేస్కో. గిలాసలు అత్తమ్మకు నువ్వే చూపియ్యి. చూపిచ్చినంకనే నా కోసం రా.

– సుగుణ

మళ్ల పాలల్ల పొయ్యకుంట సీసా బియ్యం డబ్బా ఎనక దాచిన. అత్తమ్మ చిగుళ్ల నెత్తురు ఆగింది. మూడు రోజులసంది పొద్దుగాల నేనే పుక్కిలింపిచ్చిన. ముట్టు అయిపోయి నేను తలకు పోసుకొని ఎన్నిరోజులాయె, అయినా పుక్కిలించే నీళ్ల గిలాస నా చేతికెల్లి తీస్కోలే, కింద పెట్టుమన్నది.