నలభై ఒక్క బాయిలు, తప్పు గ్రాఫు

జూన్ 3, మంగళవారం

యూనివర్సిటీ జితేందర్ సార్ నా పేరు తీసేసిండు.

చేవెళ్ల నుంచి చిల్కూరు దాకా నలభై ఒక్క బాయిలల్ల నీళ్లు కొలిచింది నేను. రెండేండ్లు, ఆదివారాలు, చర్చి అయినంక స్కూటీ మీద. దాని మీద రీసెర్చ్ పేపర్ అచ్చయింది. సార్ పేరున్నది, ఆయన పీహెచ్‌డీ స్టూడెంట్ సింధుజ పేరున్నది. నేను "స్థానికుల సహకారం" అట.

నేను ఇంటర్ ఫెయిల్. పొద్దంత మొయినాబాద్ పాలీహౌస్‌ల గులాబీలు కోస్త. మ్యాపులు గీసుడు ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న. రీసెర్చ్ ప్రాజెక్టుల ఫీల్డ్ పోస్టు రావాలంటే పేపర్ల పేరుండాలె. నాకు గదే కావాలె.

జూన్ 5

ఫోన్ చేసిన. ఎత్తలే.

జూన్ 9

ఎత్తిండు. డిగ్రీ లేనోళ్ల పేరు పెడితే నవ్వుతరమ్మా అన్నడు. ఎండల కొలుస్తుంటె ఎవ్వరు నవ్వలేదు సార్ అన్న. సరే, ఆన్‌లైన్ కాపీల కలుపుత, లొల్లి చేయకు అన్నడు.

జూన్ 17, పొద్దుగాల ఆరున్నర

వచ్చింది! మూడో పేరు. బి. కృపాజ్యోతి. బాపు ఫోన్ దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసిండు. ఇంత సన్నగ రాసిన్రేందే, సిరా అయిపోయిందా అన్నడు.

జూన్ 22, ఆదివారం

అంతమ్మవ్వ బాయి కొలువ పోతే తిట్లు. పక్క ఫామ్‌హౌసాయన మా పేపర్ ప్రింట్ తెచ్చి చూపిచ్చిండట. మీ బాయిల నీళ్లు పెరిగినయని చదువుకున్నోళ్లే రాసిన్రు, ఇగ మా కొత్త బోరు ఆపాలని మీ ఊరోళ్ల దరఖాస్తు ఎందుకు అన్నడట. మరి నా బొక్కెన రాయికెందుకు తాకుతున్నదే, పెరిగిన నీళ్లు నీ ఫోన్ల ఉన్నయా అని అవ్వ నన్నడిగింది.

ఇంటికొచ్చి పేపర్ మొత్తం చదివిన. ఇన్ని రోజులు నా పేరు కాడనే ఆగిన. సిగ్గయింది.

బాయి గట్టు మీద నుంచి రాయి కట్టిన తాడు దించుతం. నీళ్లకు తాకేదాకా ఎన్ని మీటర్లో రాస్తం. అంకె పెరిగిందంటే నీళ్లు కిందికి పోయినట్టు. అంతమ్మవ్వ బాయి మొదటేడు తొమ్మిది, రెండో ఏడు పద్నాలుగు. సింధుజ దాన్ని బాయిల ఉన్న నీళ్లు అనుకున్నది. గ్రాఫ్ పైకి లేసింది. "సామూహిక పాలన ఫలితం" అని, ఊరోళ్లంత కలిసి నీళ్లు కాపాడుకున్నట్టు, సార్ రెండు పేజీలు రాసిండు. ఇద్దరిల ఒక్కరన్న బాయిలకు తొంగి చూడలే.

జూన్ 23

నా ఫారాలు మళ్ల తీసి చూసిన. ప్రతి పేజీ మీద "గట్టు నుంచి నీళ్ల దాకా" అని రాసే ఉన్నది.

సింధుజకు ఫోన్ చేసి చెప్తే ఏడ్చింది. నా థీసిస్ మొత్తం దాని మీదనే జ్యోతీ అన్నది. పాపమనిపిచ్చింది. సార్‌కు మాత్రం ఏం ఫికర్ లేదు. పేపర్ వాపస్ తీసుకుంటే నీ పేరు గూడ పోతది, అయినా ఇవన్ని ఎవరు చదువుతరమ్మా అన్నడు.

ఫామ్‌హౌసాయన చదివిండు సార్ అన్న.

జూన్ 25, పొద్దుగాల పది

సార్‌కు పంపిన మెయిల్:

గ్రాఫ్ తల్లకిందులున్నది. పేపర్ వాపస్ తీసుకోండి. 30వ తారీఖు సోమవారం సాయంత్రం అయిదు లోపల జవాబు కావాలె. రాకుంటే పేపర్ అచ్చేసిన పత్రికకు నేనే రాస్త. రాసే హక్కు నాకున్నది. మూడో పేరు నాదే.