అన్నకు పిట్టకు పెట్టిన రోజు

గురువారం, రాత్రి

అన్న పోయి ఇవాళ్టికి మూడో రోజు. చెరుకు చేను గట్టు మీద విస్తట్లో అన్నం, మటన్, కల్లు పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకులు వచ్చాయి గానీ ఒక్కటీ ముట్టలేదు.

"మీ అన్నకు ఏదో రంది ఉన్నది. మాటియ్యుర్రి, ముడ్తడు," అన్నది మేనత్త.

పిల్లల్ని చదివిస్తానన్నాను. ముట్టలేదు. ఎండ ముదిరింది. వదిన తూలుతూనే ముందుకొచ్చింది.

"నీ చావుకు తెచ్చిన అప్పు నీ బీమా పైసలతోని కడ్త. పోరగాండ్ల మీద పడనియ్య. ఇగ రంది పెట్టుకోకు," అన్నది.

కాకి దిగి ముట్టింది. అందరూ దండం పెట్టుకున్నారు. నాకు చేతులు లేవలేదు.

చేనుకు రాకముందే, పొద్దున్నే కంఠేశ్వర్‌లో బీమా ఏజెంటును కలిశాను. "చెరుకు పైసలు రాలేదని మీ అన్ననే కిస్తులు బంద్ పెట్టిండు తమ్మీ. పాలసీ ఎప్పుడో పోయింది. రూపాయి గూడ రాదు," అన్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

పదకొండో రోజుకు మళ్లీ అప్పు తేవాలి. ఆ బీమా మీద ఆశతోనే వదిన సరే అంటోంది.

డబ్బు రాదని అన్నకు తెలుసు. అయినా ముట్టాడు. వదిన ఎండకు తాళలేకపోతోందని చూసి ఉంటాడు. చెప్పే పని నాకు వదిలేసి పోయాడు.