ఎనభై రెండా, తొంభై ఆరా

రియాద్, శుక్రవారం రాత్రి

మధ్యాహ్నమంతా స్కీల దుకాణంలోనే గడిచింది, మంచుమీద జారే ఆ పొడవాటి పలకలు ఎంచుకుంటూ. వచ్చే నెల గుల్‌మార్గ్ వెళ్తున్నాం. నా భార్య సుధా నేనూ స్కీయింగ్ నేర్చుకున్నది ఇక్కడి మాల్‌లో, పైకప్పు కింద. అక్కడ మంచు ఏ రోజైనా ఒకేలా గట్టిగా ఉంటుంది. కొండమీద అలా కాదు. పొద్దున గాజులా ఉంటుంది, ఎండెక్కితే తడిసి ముద్దవుతుంది, రాత్రి కురిస్తే మోకాలి లోతు మెత్తగా ఉంటుంది.

నేను బూటు కింద ఎనభై రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న స్కీల జత తీశాను. గట్టి మంచును బాగా పట్టుకుంటుంది. సుధ తొంభై ఆరు తీసింది. అన్ని రకాల మంచుకూ పనికొస్తుంది, మెత్తటి దాంట్లో కూరుకుపోదు.

"చదును చేసిన దారి చాలదా మనకు?" అన్నాను.

"మీకు చాలుతుందండీ. నేను చెట్ల మధ్యకి వెళ్తాను. అంత దూరం పోయి మళ్లీ మాల్‌లో తిరిగినట్టే తిరగమంటారా?"

నా మోకాలు చెట్ల మధ్యకు రానివ్వదు. అది ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్లూ పక్కపక్కనే దిగాం.

బూటు బిగింపులకు రంధ్రాలు వేసే డ్రిల్లుతో దుకాణంలో పనిచేసే జగిత్యాల శ్రీను వచ్చాడు. "సార్, డ్రిల్ కొట్టినంక వాపస్ తీస్కోం, ఖలాస్. మేడం ఒక్కలే పోతరా? మీరు కింద చాయ్ తాగుతరా?"

సుధ నవ్వింది. తొంభై ఆరు జత చూపించి, "కొట్టెయ్" అన్నాను.

ఇదే పేపర్లో వార్తైతే ఇక్కడితో అయిపోయేది. ఇప్పుడు ఇంటి బయట దుమ్ము గాలి. కళ్లు మూస్తే దేవదారుల మధ్య సుధ దిగుతోంది, చప్పుడు లేకుండా. నేను దారి అంచున ఆగి, ఏ చెట్టు పక్కనుంచి బయటికొస్తుందోనని చూస్తున్నాను. మంచు కురుస్తూనే ఉంది...