రాణికి మాట లేదు

జూన్ 4
పేరుమోసిన పాత నాటకం, సినిమాగా మార్చి రాయమని నాకిచ్చారు. మూడోసారి చదివాను. రాజు మామగారిని సంధికని పిలిచి చంపిస్తాడు. కన్నతండ్రి ఆఖరిచూపుకు కూడా రాణిని పోనివ్వడు.
డైరెక్టర్‌కి ఈ రాజు నచ్చలేదు. కత్తి దూసి పద్యాలు పాడేవాణ్ణి చూస్తే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు, నాకు ఇంట్లో తిరిగే రాక్షసుడు కావాలి అన్నాడు. ఎక్కడి నుంచి తేను? బజార్లో అమ్ముతారా?

జూన్ 11, మధ్యాహ్నం
దొరికాడు.
చావు కబురు వచ్చాక రాజు రాణి గదికి వస్తాడు. అరవడు. పక్కన కూర్చుని కమలాపండు ఒలుస్తాడు. తొనల మీది నారంతా ఓపిగ్గా తీసి, ఒక్కొక్కటే ఆమె నోట్లో పెడతాడు. ఏడుపాపి తినమంటాడు. ఆమె తింటుంది.
ఒక్క ఊపులో రాసేశాను. చదివి డైరెక్టర్ కుర్చీలోంచి లేచాడు. ఈ మనిషిని ఎక్కడ పట్టావమ్మా అన్నాడు. ఊహే సార్ అన్నాను.

జూన్ 12
ఊహ కాదు. అన్నయ్య.

జూన్ 13
నిన్న అంతకు మించి రాయలేకపోయాను.
అమ్మానాన్నా పోయాక నన్ను చదివించింది అన్నయ్యే. ఫీజు ఏనాడూ ఆలస్యం కానివ్వలేదు. ఆ అన్నయ్యే, వదిన వాళ్ళమ్మ పోయిందని ఫోనొస్తే తనను పంపలేదు. ఇంట్లో వంటెవరు చేస్తారన్నాడు. సాయంత్రం కమలాపండు ఒలిచాడు. తలుపు ఓరగా తీసి ఉంది. నేను పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నాకప్పుడు పరీక్షలు.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నేను లెక్కపెట్టి అమ్ముకున్నాను కూడా.
సీన్ తీసేద్దామని డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. సినిమాకి ప్రాణమే అది, మతి పోయిందా అన్నాడు. మళ్ళీ అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ సీన్ నాకూ ముద్దొస్తోంది.

ఆగస్టు 30
ఆ షాట్ అయ్యాక లైట్లవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను.

నవంబరు 18
ఇంకా మెరుగులు దిద్దని సినిమా, రఫ్ కట్, వేసి చూపించారు. ఇంట్లోవాళ్ళను తెచ్చుకోవచ్చన్నారు. అన్నయ్య కొత్త చొక్కా వేసుకొచ్చి, మా చెల్లెలే రాసిందని వాచ్‌మన్‌తో సహా అందరికీ చెప్పాడు. పండు సీన్ రాగానే తెర వదిలి అన్నయ్య మొహమే చూశాను. అన్నయ్య నా వైపు వంగి, ఎంత దుర్మార్గుడే వీడు, పాపం ఆ పిల్ల అన్నాడు. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. బతికిపోయాననుకున్నాను.
బయట వాష్‌బేసిన్ దగ్గర వదిన కనిపించింది. అద్దంలోంచే నన్ను చూస్తూ, ఆ రోజు నువ్వు చదువుకుంటున్నావనుకున్నాను, చూశావన్నమాట అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.
తర్వాత రాణి ఏమవుతుందని అడిగింది. నాటకంలో అక్కడితో సరి వదినా, మళ్ళీ కనిపించదు అన్నాను. ఆవిడకీ ఒక మాట ఉంటుంది కదమ్మాయ్, అడిగి రాయి అంది. ఈలోగా అన్నయ్య కారు హారన్ కొట్టాడు. వెళ్ళిపోయింది.

నవంబరు 21
రాణికి ఇంకో సీన్ పెడదామంటే డైరెక్టర్ ఒప్పుకున్నాడు. పొద్దుట్నుంచీ కూర్చున్నాను. రాజుకైతే పేజీలకు పేజీలు వచ్చాయి. రాణి నోటికి ఒక్క ముక్క రాదు. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, వదినా నీకేం కావాలి అని అడిగిన పాపాన పోలేదు. రేపు అడుగుతాను. తను వచ్చేస్తానంటే మా ఇంటికే తీసుకొస్తాను.

నవంబరు 22
వదినకి ఫోన్ చేశాను. అన్నయ్య ఎత్తాడు. బాగున్నావా అన్నయ్యా అని అడిగి పెట్టేశాను.