మాట వినే కోచ్

రావులపాలెం,
శుక్రవారం.

నా బంగారుతల్లి ఆశాజ్యోతికి,

మీ నాన్న చిట్టియ్య ప్రభువు నామమున దీవించి రాస్తున్న ఉత్తరం. దేవుని దయవల్ల ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నువ్వూ నీ జట్టు పిల్లలూ దెబ్బలేవీ తగలకుండా బాగున్నారని నమ్ముతున్నాం.

అమ్మలూ, నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. హెడ్ కోచ్‌ని తీసేశారని, ఆ స్థానానికి అసిస్టెంటు కోచ్‌గా ఉన్న నీ పేరూ ఇంకొకాయన పేరూ మిగిలాయని, సోమవారం తేలుస్తారని రాశావు. మార్కెట్లో అరటిగెలలు మోసిన చిట్టియ్య కూతురు వైజాగ్‌లో మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి పెద్ద కోచ్. ఈ మాట అనుకుంటూ పాలకని వెళ్ళి పెరుగు తెచ్చాను. గుడిలో ప్రార్థన అయిపోయి అందరూ కూర్చున్నా నేనొక్కణ్ణే నిలబడి ఉన్నానట. మీ అమ్మ చొక్కా పట్టుకు లాగింది.

మీ అమ్మ మోకాలి సంగతి అడిగావు. నువ్వు పంపిన పట్టీ వేసుకుంటే నొప్పి తగ్గుతోంది. అయితే రోజూ వేసుకుంటే పాడైపోతుందని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. కోచ్ సంగతి తేలేవరకూ ఎవరికీ చెప్పొద్దన్నావు. నేనెవరికీ చెప్పలేదు. మీ అమ్మ చెప్పింది.

ఇక, టీమ్ తరఫున ఇంటికి ఎవరైనా వచ్చారా అని అడిగావు. వచ్చారు తల్లీ. ఈ సంగతి ఫోన్లో చెప్పొచ్చు. కానీ సగం వినగానే నువ్వు "నాన్నా, ఆగు" అంటావు. కాగితం మీద నన్ను ఆపలేవు. అందుకే రాసి, రేపు వైజాగ్ వస్తున్న, వరసకి నీ తమ్ముడైన శ్యాంబాబు చేతికిస్తున్నాను.

నీ ఉత్తరం రావడానికి ముందురోజే వచ్చారు. వీరాస్వామి గారని, టీమ్ మేనేజరు. మీ ఓనరు చంద్రరావు గారు ఎవరికి పెద్ద పని అప్పగించాలన్నా ముందు ఇంటి సంగతి కనుక్కుంటారట. ఇదంతా మాకు అప్పుడు తెలియదు. ఆయన కారు దిగి, బుల్లెమ్మ టీకొట్టు దగ్గర, "చిట్టియ్యగారి అమ్మాయి ఎలాంటిదండి? గుణం మంచిదేనా?" అని అడిగారు. మన ఊళ్ళో ఆ ప్రశ్నకి అర్థం ఒకటే కదా. పెళ్ళి సంబంధం.

బుల్లెమ్మ ఊరుకుంటుందా. "బంగారమండి బాబూ. తలెత్తి మనిషిని చూడదు" అందట.

పక్కనున్న భీమరాజు, "ఆరడుగుల పిల్లకి తలెత్తాల్సిన పనేముందే" అన్నాడట.

తర్వాత ఇంటికి వచ్చారు. "భీమవరం నుంచి చంద్రరావు గారు పంపారండి, మీ అమ్మాయిగారి విషయం" అన్నారు. మీ అమ్మ పరుగున చీర మార్చుకుని, ప్లేటులో పూతరేకులు పెట్టుకొచ్చింది. ఆయన అడుగుతూ ఉంటే నేను చెబుతూ పోయాను.

"కోపం ఎక్కువాండి?"

"మా అమ్మాయికా అండి? కోపమంటే ఏంటో తెలియదండి."

"పెద్దవాళ్ళు చెప్తే వింటారా?"

"గీసిన గీత దాటదండి. నోట్లో నాలుకుందా అని మాకే అనుమానమండి."

ఆయన చాలా సంతోషించారు. వెళ్ళేముందు మీ అమ్మ గుమ్మం పక్కన నిలబడి, మెల్లగా, "అబ్బాయి ఏం చేస్తాడండి?" అని అడిగింది.

"ఏ అబ్బాయండి? పన్నెండుమంది ఉన్నారు. అందరూ బాస్కెట్‌బాలే ఆడతారండి."

మీ అమ్మ అక్కడే కూలబడిపోయింది.

అప్పుడే నిజం చెప్పెయ్యాల్సింది. కానీ నిన్ను పెద్ద కోచ్‌ని చేసే సంగతని ఆయన చెప్పిన ఆనందంలో, మంచిమాటే కదా, పోయేదేముందిలే అనుకున్నాను. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. మ్యాచ్ మధ్యలో బెంచీ దగ్గర ఫోన్ మోగుతుందని, ఎవర్ని ఆడించాలో చంద్రరావు గారు ఇంట్లో టీవీ ముందు కూర్చుని చెబుతారని, పాత కోచ్ ఆయన చెప్పినట్టే చేశారని, ఆ ఫోన్ మోగినంతకాలం గెలవడం కల్ల అని రాశావు. ఆ సాయంత్రమే వీరాస్వామి గారు ఫోన్ చేశారు.

"మీ మాట పనిచేసిందండి చిట్టియ్యగారూ. చెప్పినమాట వినే మనిషి కావాలన్నారు మా ఓనరుగారు. మొగ్గు మీ అమ్మాయి వైపేనండి."

అప్పట్నుంచీ అన్నం సయించలేదు. వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతుంటే మీ అమ్మ, "తిరిగితే తిరిగారు, ఆ చీపురు తీసుకుని తిరగండి, అరుగైనా శుభ్రపడుతుంది" అంది.

ఇప్పటివరకూ నీకు చెప్పకుండా దాచింది ఇదీ తల్లీ. నిన్న బస్సెక్కి భీమవరం వెళ్ళాను. మీ అమ్మకి పెనుగొండలో పనుందని చెప్పాను. సిద్ధాంతం వంతెన మీద ఉండగా దిగిపోదామనిపించింది. కానీ వంతెన మీద బస్సు ఆపరు కదా.

చంద్రరావు గారు మర్యాదస్తుడే. కుర్చీ వేయించి కాఫీ తెప్పించారు. నేను కూర్చోలేదు. "అయ్యా, మీ మనిషికి చెప్పింది పెళ్ళివారనుకుని చెప్పానండి. అందులో ఒక్కటీ నిజం కాదండి" అన్నాను. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నవ్వు ఆపి, "అయితే నిజం ఏంటండి?" అన్నారు.

చెప్పాను తల్లీ. స్కూల్లో ప్రాక్టీసుకి రాని ప్రెసిడెంటుగారి అమ్మాయిని ఆడించమంటే, నువ్వు టీమంతటితో కలిసి గ్రౌండు మధ్యలో కూర్చోవడం చెప్పాను. మీ పెదనాన్న కూతురి పెళ్ళిలో, అన్నం చల్లారిపోతోంది, ప్రసంగం ముగించండని పాస్టరుగారితో అనడం చెప్పాను. నా బీడీకట్ట తీసుకెళ్ళి అందరూ చూస్తుండగా కాలవలో పారెయ్యడం కూడా చెప్పాను. చెబుతుంటే నాకు గొంతు పెద్దదైపోయింది. ఆఫీసులో వాళ్ళు లేచి చూశారు.

"మ్యాచ్ మధ్యలో నేను ఫోన్ చేస్తే?" అన్నారు చంద్రరావు గారు.

"ఎత్తదండి."

"రెండోసారి చేస్తే?"

"స్విచాఫ్ చేస్తుందండి."

ఆయన కుర్చీలోంచి లేచారు. "ఇదంతా చెబితే మీ అమ్మాయికి ఉద్యోగం పోతుందని తెలియదా చిట్టియ్యగారూ?"

"తెలుసండి. కానీ సంబంధమైతే అబద్ధం చెప్పాక కూడా సర్దుకుపొమ్మని పిల్లకి చెప్పుకుంటామండి. ఇక్కడ మా అమ్మాయి సర్దుకుపోతే ఆ పన్నెండుమందీ ఓడిపోతారండి."

ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ అన్నారు. "సోమవారం మీ అమ్మాయినే అడుగుతాను. నా ఫోన్ ఎత్తుతావా అని ఒక్కటే ప్రశ్న. రెండో ఆయన ఎత్తుతానన్నారు." అంతే. కోపమో కాదో ఆ ముఖంలో నాకు తెలియలేదు. బస్సులో వచ్చినంతసేపూ వెతికాను, తెలియలేదు.

ఇంటికొచ్చి మీ అమ్మకి చెప్పాను. తల కొట్టుకుంది. "ఎత్తుతానని చెప్పి, ఉద్యోగంలో చేరాక ఎత్తకపోతే సరిపోయేదానికి మీరు బస్సెక్కి వెళ్ళాలా" అంది. నీకూ అదే చెప్పమంది. చెప్పాను. అది మీ అమ్మ మాట.

నా మాట ఏమిటంటావా, నీకు నేర్పేది ఏమీ లేదు. నువ్వేం చెబుతావో నాకు తెలుసు. తెలుసు కాబట్టే భయంతో కంటిమీద కునుకు లేదు, తెలుసు కాబట్టే సంతోషం గుండెల్లో పట్టడం లేదు. చేతిలోకొచ్చిన ఉద్యోగాన్ని నాన్న పోగొట్టాడని కోప్పడితే కోప్పడు, పడతాను. సోమవారం బయటికి రాగానే ఒక్కసారి ఫోన్ చెయ్యి. ఇచ్చారా లేదా అన్నది తర్వాత అడుగుతాను. ఆయన అడిగినప్పుడు నువ్వేమన్నావో ముందు ఆ మాట చెప్పు. నీ గొంతుతో వినాలని ఉంది.

ఇట్లు,
నీ మీద ప్రేమతో,
మీ నాన్న
చిట్టియ్య