పండును కిందికి దించండి

క్రేన్ల సేఫ్టీ ఆఫీసరు బాబుకి, మీ రెండో నంబరు క్రేన్ నడిపే అబ్బాయి తల్లి దణ్ణం పెట్టి రాస్తున్నది.

చదువు తక్కువదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి. మా పండు పసివాడు. చిన్నప్పుడు నీళ్ల ట్యాంకు నిచ్చెన మీద ఒకటే ఏడుపు. అలాంటివాణ్ణి ఇరవై అంతస్తుల ఎత్తున కూర్చోబెట్టారట. తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. నేల మీద పనేదైనా ఇప్పించండి. నేను రాసినట్టు వాడికి చెప్పకండి, కస్సుమంటాడు.

ఇట్లు,
పండు వాళ్లమ్మ

తా.క. ఎత్తు తప్పదంటే పక్కన తోడుగా ఎవరినైనా కూర్చోబెట్టండి.

*

పండుగారి అమ్మగారికి నమస్కారం.

సమయానికి చెప్పారు. ఎత్తంటే భయమున్నవాళ్లను క్రేన్ ఎక్కించకూడదని మా నిబంధన. నిన్ననే దించేశాం. విచారణ తేలేదాకా స్టోరులో హెల్మెట్లు తుడుస్తాడు. మీ సంగతి బయటపెట్టలేదు. ఫైల్లో ‘నమ్మకమైన సమాచారం’ అని మాత్రమే రాశాను.

ఇట్లు,
సేఫ్టీ ఆఫీసరు

తా.క. క్రేన్ గదిలో ఉండేది ఒక్కటే కుర్చీ. మీ పసివాడి వయసు ఫైల్లో ముప్పై నాలుగని ఉంది. అచ్చుతప్పా?

*

ఆఫీసరు బాబు చల్లగా ఉండాలి.

మీ ఉత్తరం చూసి రెండు పూటలు కడుపునిండా తిన్నాను. మూడో పూటకి వాడి ఉత్తరం వచ్చింది. “అమ్మా, ఎవడో నా పొట్ట మీద కొట్టాడు” అని రాశాడు. అద్దె గదిలో తనతో ఉండే ఇంకో క్రేన్ అబ్బాయి మీద అనుమానంతో మాటలు కూడా మానేశాడట. ఆ చెప్పినవాడికి పుట్టగతులుండకూడదని నన్నే తిట్టమన్నాడు. ఏమని తిట్టను? ఆ అబ్బాయి పాపం ఏ పాపమూ ఎరగడు. మావాణ్ణి మళ్లీ ఎక్కించేయండి. మరీ పైదాకా వద్దు, సగందాకా.

ఇట్లు,
దిక్కుతోచని తల్లి

తా.క. వయసు అచ్చుతప్పు కాదు. వాడే చెప్పాపెట్టకుండా పెరిగాడు.

*

అమ్మగారికి,

సగం క్రేన్ ఎక్కించే పద్ధతి లేదు. భయముందన్నవారే లేదని రాసివ్వాలి. ఫారంలో మూడు గళ్లు: భయం ఎవరికి, ఎప్పటినుంచి, ఎలా పోయింది. శుక్రవారంలోగా అందకపోతే ఆ క్రేన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. అబద్ధమైతే మాత్రం నేను సంతకం పెట్టను. ప్రాణాలతో పని.

ఇట్లు,
సేఫ్టీ ఆఫీసరు

తా.క. హెల్మెట్లన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. తుడిచేవాడే మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఆ ఒక్క విషయంలో పసివాడేనని ఒప్పుకుంటున్నాను.

*

బాబూ,

నిజమే రాస్తున్నాను. నిచ్చెన ఎక్కింది వాడు, ఏడ్చింది నేను. పైమెట్టుదాకా పోయి నవ్వుతూ చెయ్యూపాడు. నన్ను చూసి గబగబా దిగొచ్చి, చొక్కా అంచుతో నా మొహం తుడిచి, “ఊరుకోమ్మా, దిగానుగా” అన్నాడు. అప్పటికి వాడికి ఆరేళ్లు. ఆ ఏడుపు వాడిదేనని ఊరందరికీ చెప్పీ చెప్పీ చివరికి నేనే నమ్మేశాను. పక్కనే ఉండి కూడా వాడు ఒక్కసారీ కాదనలేదు.

భయం గడిలో వాడి పేరు కొట్టేసి నాది రాయండి. ఎప్పటినుంచి అంటే, వాడు పుట్టినప్పటినుంచి. ఎలా పోయింది అన్న గడి ఖాళీగా వదిలేయండి.

ఈ కాగితం వాడికి చూపించండి. గదిలో అబ్బాయితో మాటలు కలుస్తాయి. నాతో ఎన్నాళ్లు మాట్లాడడో, అది నేను పడతాను.

ఇట్లు,
మీ క్రేన్ ఆపరేటరు తల్లి

తా.క. మళ్లీ క్రేన్ ఎక్కించిన రోజు సాయంత్రం, వాడు కిందికి దిగాకే చూపించండి. అంత ఎత్తున చదివితే కంగారుపడతాడు.